రాత్రికి ఊళ్ళో ఎవరుంటారు?

(జోనల్ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమ్మేళనంలో, పదవీ విరమణ చేసిన ఒక అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘స్మార్ట్ సిటీ నుంచి స్మార్ట్ విలేజ్ దాకా’. ఆ పేరు విని పిల్లలు డ్రోన్లూ, పెద్ద తెరలూ ఉంటాయని ఆశపడి ఉంటారు. నేను ఏమీ తేలేదు. సర్వీసులో ఎక్కువ కాలం ఫీల్డాఫీసరుగానూ, తర్వాత పల్లె బ్రాంచిల్లో మేనేజరుగానూ పనిచేసినదాన్ని. చూసిందే మాట్లాడతాను.

మన ఇళ్ళల్లో వేసవి వస్తే ఒక మాట తప్పక నడుస్తుంది. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు వచ్చే కాలం కదా. ‘ఎక్కడికేశారు?’ అని ఇంట్లో అడుగుతారు. ‘రూరల్’ అని జవాబొస్తే ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలు. అక్కడ మంచి స్కూలుందా? రాత్రిపూట పాపకు జ్వరమొస్తే డాక్టరున్నాడా? నీళ్ళు మంచివేనా, ఫ్లోరైడ్ నీళ్ళా? కరెంటు ఎన్ని గంటలు? అమ్మతో వీడియో కాల్ మాట్లాడేంత నెట్ వస్తుందా? బాత్‌రూము ఉన్న ఇల్లు అద్దెకు దొరుకుతుందా? అన్నీ అయ్యాక తీర్మానం మాత్రం ఒకటే. కుటుంబం టౌనులో ఉంటుంది, ఉద్యోగం చేసే మనిషి రోజూ బస్సులో పోయొస్తారు.

స్మార్ట్ విలేజ్ ఎలా ఉండాలో చెప్పే కాగితాలు చాలా చదివాను. నన్నడిగితే వాటన్నిటికన్నా మన వంటింట్లో తయారయ్యే ఆ ప్రశ్నల పట్టికే సరైనది. అందులో మన పిల్లలున్నారు కాబట్టి అబద్ధానికి చోటు లేదు. ఆ ప్రశ్నలు అడిగినందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. కాకపోతే ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకూ అవే ప్రశ్నలున్నాయి. మనకు మూడేళ్ళకు ట్రాన్స్‌ఫర్ వస్తుంది, వాళ్ళకు రాదు.

ముందు నగరాల సంగతి కొంచెం చెప్పి ముందుకెళ్తాను. 2015 జూన్ 25న కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్ మొదలుపెట్టింది. మొత్తం 100 నగరాలు. మన వైపు నుంచి విశాఖపట్నం, కాకినాడ 2016 జనవరిలో వచ్చిన మొదటి జాబితాలోనే ఉన్నాయి. తర్వాత వరంగల్, తిరుపతి, కరీంనగర్, అమరావతి చేరాయి. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 మార్చి 31తో ముగించారు. ఈ నగరాలన్నిటిలోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు వచ్చాయి. ఒక పెద్ద గది, గోడంతా తెరలు, ట్రాఫిక్కు, చెత్త బండ్లు, వీధి దీపాలు అన్నీ అక్కడ కూర్చుని చూడొచ్చు. కోవిడ్ రోజుల్లో చాలా నగరాల్లో ఆ గదులే వార్‌రూములుగా పనికొచ్చాయి. కాబట్టి నేను వాటిని ఎగతాళి చేయను. అయితే సొమ్ములో పెద్ద భాగం నగరమంతటికీ కాక, ఎంచుకున్న కొన్ని ప్రాంతాలకే ఖర్చయింది. స్మార్ట్ సిటీ లోపలే స్మార్ట్ కాని పేటలు మిగిలిపోయాయి. ఇక పల్లె మాట వేరే చెప్పాలా? 2011 జనాభా లెక్కల్లో ప్రతి 100 మందిలో దాదాపు 69 మంది, అంటే 83 కోట్లకు పైగా జనం, పల్లెల్లోనే ఉన్నారు.

నగరానికి చేసినట్టే పల్లెకూ చేద్దాం అంటే కుదరదు. నగరానికి కార్పొరేషన్ ఉంది, ఇంజినీర్లున్నారు, ఆస్తి పన్ను వస్తుంది. మూడు వేల జనాభా ఉన్న పంచాయతీకి ఒక సర్పంచి, ఒక కార్యదర్శి, ఒక ట్యాంకు, దానికి వాల్వు తిప్పే మనిషి. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, 29 విషయాలు పంచాయతీల చేతికి ఇవ్వవచ్చని చెప్పింది. విషయాల జాబితా వచ్చింది కానీ, మనుషులూ డబ్బూ అంత వేగంగా రాలేదు. అలాంటి పంచాయతీకి ఒక తెరల గది కట్టిచ్చి ఏం ప్రయోజనం?

ఈ చిక్కు ముందే గమనించిన వ్యక్తి అబ్దుల్ కలాం గారు. ఆయన ఆలోచన పేరు ‘పుర’, అంటే పల్లెల్లో పట్టణ వసతులు. మనకు పురం అంటే పట్టణమే కదా, పేరు కూడా కుదిరింది. ఆయన చెప్పింది సూటిగా ఉంటుంది. ఒక్కో ఊరిని విడిగా చూడకండి. పక్కపక్కనున్న ఊళ్ళను ఒక గుంపుగా తీసుకుని, వాటిని చుట్టూ ఒక రోడ్డుతో కలపండి. తర్వాత ఫోనూ ఇంటర్నెట్టూ, ఆ తర్వాత చదువూ వైద్యమూ పనినేర్పూ. ఈ మూడు కలిస్తే నాలుగోది, అంటే సంపాదన, వస్తుంది.

ఆ చుట్టూ రోడ్డు గొప్పతనం పల్లెలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మన ఊళ్ళ నుంచి బస్సులన్నీ టౌనుకే పోతాయి. పక్క ఊరు ఆరు కిలోమీటర్లే, కానీ అక్కడున్న హైస్కూలుకు పోవాలంటే టౌనుకు పోయి ఇంకో బస్సెక్కి వెనక్కి రావాలి, లేదంటే నడవాలి. మగపిల్లలకు సైకిలుంటుంది. ఆడపిల్ల చదువు ఆరు కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

2004-05లో ఈ ‘పుర’ను దేశంలో 7 చోట్ల ప్రయోగంగా మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్నది అనంతపురం జిల్లా రాయదుర్గం. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే అంతకు కొన్నేళ్ళ ముందు, 1998 నుంచి 2001 దాకా, ఆ వైపే ఒక పల్లె బ్రాంచిలో ఫీల్డాఫీసరుగా ఉన్నాను. తర్వాత 2016 ఫిబ్రవరిలో శ్యామాప్రసాద్ ముఖర్జీ రూర్బన్ మిషన్ వచ్చింది. అదీ ఇదే దారి. మైదాన ప్రాంతాల్లో 25 వేల నుంచి 50 వేల జనాభా ఉండే ఊళ్ళ గుంపులు, మొత్తం 300. పేర్లు మారతాయి, పథకాలు వస్తాయి పోతాయి. ఊళ్ళను గుంపుగా చూడాలన్న ఆ లెక్క మాత్రం నా దృష్టిలో ఇప్పటికీ సరైనదే. ఒక్క ఊరికి పిల్లల డాక్టరు రాడు. పదిహేను ఊళ్ళ మధ్య ఒక ఆస్పత్రి ఉంటే రావచ్చు.

వస్తాడు సరే, ఉంటాడా? నేను ఈ రోజు చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

ఆ బ్రాంచికి మొదట్లో నేను కూడా టౌను నుంచి పోయొచ్చేదాన్ని. పంట రుణాల పనిమీద పొలాలు తిరుగుతుంటే ఒక పెద్దాయన అన్నాడు. ‘ఏమ్మా, సందకాడ బస్సెక్కి ఎలబారతావు. రాత్రి మా ఊరు ఎట్లుంటాదో నీకెట్ల తెలుస్తాది?’ ఆ మాట ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నాడు. మా ఆయన అనంతపురంలో మాస్టారు. పాపకు ఐదేళ్ళు. ఇంట్లో మాట్లాడుకుని పాపను తీసుకుని నేను ఊళ్ళోనే ఒక వేరుశనగ రైతు ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. ఆయన శనివారం శనివారం వచ్చేవారు.

రాత్రి ఊరు నిజంగానే వేరు. ఆ రోజుల్లో బోర్లకు కావలసిన మూడు ఫేజుల కరెంటు వంతుల మీద వచ్చేది. వారంలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాటాక వంతు. గుడ్డి దీపం కింద నిద్రపోతున్న ఊరు, కరెంటు రాగానే లేచేది. రైతులు చేతిలో టార్చిలైటు పట్టుకుని చీకట్లో గట్ల మీద నడిచి మోటారు వేయడానికి పోయేవారు. ఒక రాత్రి మా వీధిలోని ఒకాయనను అలా పోతుండగా పాము కరిచింది. ఆరోగ్య కేంద్రం భవనం ఉంది, దానికి తాళం ఉంది. అందులో పనిచేసేవాళ్ళూ నా మొదటి నెలల్లాగే సందకాడ బస్సెక్కేవాళ్ళు. ట్రాక్టరు మీద వేసుకుని బళ్ళారి తీసుకుపోయారు. బతికాడు. ఆ ఏడాది మేమిచ్చిన పంట రుణంలో మిగిలిందంతా ఆస్పత్రికే పోయింది. మరుసటి ఏడాది ఆయన ఖాతా మా రిజిస్టరులో బకాయిల పేజీకి ఎక్కింది. ఆ పేజీ చూసిన ఇన్స్పెక్టింగ్ ఆఫీసరు, ‘ఎందుకు వసూలు కాలేదు?’ అని అడిగితే నేను చెప్పిన కారణం ఆయన ఫారంలో ఏ గడిలోనూ పట్టలేదు.

ఆ కరెంటు సంగతి చూడండి. 2003 నుంచి 2006 మధ్య గుజరాత్‌లో జ్యోతిగ్రామ్ అని ఒక పని చేశారు. దాదాపు 18 వేల ఊళ్ళలో బోర్లకు పోయే లైనునూ, ఇళ్ళకు పోయే లైనునూ విడదీశారు. బోర్లకు చెప్పిన వేళకు కొన్ని గంటలు, ఇళ్ళకూ బడులకూ చిన్న యంత్రాలకూ ఇరవైనాలుగు గంటలూ మూడు ఫేజులు. ఇందులో కెమెరా లేదు, యాప్ లేదు. స్తంభాలూ, తీగలూ, ట్రాన్స్‌ఫార్మర్లూ అంతే. కానీ ఊళ్ళో పిండి మర నడుస్తుంది, కుట్టు మిషను నడుస్తుంది, టీకా మందు పెట్టిన ఫ్రిజ్ నడుస్తుంది. తర్వాత లైన్లు విడదీసే ఈ పనిని కేంద్రం కూడా దేశమంతటికీ తీసుకుంది. రాయదుర్గం జీన్స్ ప్యాంట్లకు పేరున్న ఊరు, మీలో కొందరు వేసుకునే ఉంటారు. ఆ కుట్టుపని చుట్టుపక్కల పల్లెల్లోని ఆడవాళ్ళ ఇంటికి చేరాలంటే ముందు కావలసింది పగలంతా ఉండే కరెంటే. నాకు స్మార్ట్ అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇంకొకటి మా ఫీల్డాఫీసర్లకు నిద్రపట్టనివ్వని విషయం, బోరు అప్పు. అనంతపురం జిల్లాలో ఈ అప్పు ఇచ్చినవాళ్ళకు తెలుస్తుంది. రైతు మూడు వందల అడుగులు వేయిస్తాడు, నీళ్ళు పడవు. పక్కాయన నాలుగు వందలు వేయిస్తాడు, పడతాయి. దానితో మొదటాయన పాత బోరులో ఉన్న కాస్తా పోతుంది. అప్పు ఇద్దరికీ ఉంటుంది. భూమి కింద ఎంత నీరుందో ఎవరికీ తెలియకుండా, ఊరంతా లాటరీ ఆడినట్టు ఆడేది. మేము టికెట్లకు డబ్బిచ్చేవాళ్ళం.

నేను అక్కడి నుంచి వచ్చేసిన తర్వాత అనంతపురంతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఒక మంచి పని జరిగింది. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం అది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచింది. ఊళ్ళోనే వర్షమానం పెట్టారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం ఎంత లోతున ఉందో రైతులే, అందులో ఆడవాళ్ళు కూడా, కొలిచి ఊరి గోడ మీద బోర్డులో రాసేవారు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని, ఎంత వాన పడింది, కింద ఎంత చేరింది, యాసంగికి ఎంత వాడొచ్చు అని పద్దు వేసుకునేవారు. వరి వేయాలా, శనగ వేయాలా అన్నది ఆ పద్దు చూసి ఎవరికి వారు తేల్చుకునేవారు. ఎవరి మీదా బలవంతం లేదు. మహారాష్ట్రలో హివరే బజార్ అనే ఊరు కూడా ఏటా ఇలాగే నీటి లెక్క వేసుకుని పంటలు ఎంచుకోవడంతోనే పేరు తెచ్చుకుంది.

నగరంలో తెర ముందు కూర్చుని అంకెలు చూసే ఉద్యోగి వేరు, ఆ అంకెలతో బతికే మనిషి వేరు. పల్లెలో ఇద్దరూ ఒకరే కావాలి, అదే పల్లెకున్న వెసులుబాటు. నేనే ఇప్పుడు ఫీల్డాఫీసరుగా ఉంటే, బోరు అప్పు కాగితాల్లో ఆ గోడ మీది అంకె కూడా రాయమంటాను.

ఇప్పుడు పల్లెల్లో వసతులు పెరగలేదని అనడం అన్యాయం. ఆంధ్రలో 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. సర్టిఫికెట్టు కోసం మండలానికి పరిగెత్తే పని చాలా తగ్గింది. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్గొండ ఫ్లోరైడ్ పల్లెలకు కూడా నది నీళ్ళు చేరాయి. కేబులు పంచాయతీల దాకా వచ్చింది. మా రోజుల్లో డ్రాఫ్టు తీయడానికి ఒక పూట పోయేది, ఇప్పుడు బొరుగులమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ బొమ్మ ఉంది.

కానీ నాకొక అలవాటు. ఏ ఊరికి పోయినా కొత్తగా పెట్టినదాన్ని కాదు, ఐదేళ్ళ కిందట పెట్టినదాన్ని చూస్తాను. బ్యాటరీ పోయిన సోలారు దీపం, ఫిల్టరు మార్చక ఆగిపోయిన నీళ్ళ ప్లాంటు, నెట్ ఉన్నా కంప్యూటరు తెలిసిన టీచరు బదిలీ అయిన బడి. యంత్రం కొనడానికి నిధి దొరుకుతుంది. దాన్ని చూసుకునే మనిషికి జీతం ఏ పద్దులోనూ ఉండదు. వరంగల్ జిల్లా గంగదేవిపల్లి సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆ ఊరికి పేరొచ్చింది యంత్రాల వల్ల కాదు, ఒక్కో పనికి ఊరివాళ్ళే ఒక్కో కమిటీగా ఏర్పడి చూసుకోవడం వల్ల. నీళ్ళ ప్లాంటుకు క్యానుకింత అని ఇంటివాళ్ళే కడతారు, ఆ డబ్బుతోనే అది నడుస్తుంది.

మన బ్యాంకు వైపు రెండు ముక్కలు చెబుతాను. పొలానికి పాసుపుస్తకం ఉంటుంది, పల్లెలో ఇంటికి చాలాసార్లు ఏ కాగితమూ ఉండదు. ఊరంతా రికార్డుల్లో గ్రామకంఠం. మూడు తరాలుగా కాపురమున్న రాతి ఇల్లు, పది లక్షలు చేసేది, తనఖాకు పనికిరాదు. టౌనులో అరవై గజాల ఫ్లాటుకు మనం లోను ఇస్తాం, ఆ ఇంటి పైన గది వేసుకోవడానికి ఇవ్వలేం. ఆ పైగది ఉంటే కదా టీచరుకో నర్సుకో అద్దెకిచ్చేది! 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో ఊరి నివాసాలను కొలిచి ఆస్తి కార్డులు ఇస్తున్నారు. డ్రోన్లు లేవన్నాను కదా పిల్లలూ, ఇదిగో ఒకటి. కార్డు రాగానే లోను రాదు. రాష్ట్రాల నిబంధనలూ, మన సర్క్యులర్లూ దానికి తగ్గట్టు నడవాలి. ఈ సభలో సర్క్యులర్లు రాసేవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళ వైపు చూసే ఈ మాట చెబుతున్నాను.

రెండోది వేలిముద్ర. వేరుశనగ కాయలు ఒలిచీ ఒలిచీ ఆడవాళ్ళ వేళ్ళ గీతలు అరిగిపోతాయి. పింఛను డబ్బు తీసుకోబోతే యంత్రం సరిపోలలేదంటుంది. ఊళ్ళోనే ఉండే బ్యాంక్ మిత్ర అయితే ఇంకో వేలు పెట్టించి, తడి గుడ్డతో తుడిపించి, కాకపోతే సాయంత్రం మళ్ళీ రమ్మంటుంది. ఆ సాయంత్రం ఆమె ఊళ్ళో ఉంటుంది కాబట్టి ఆ మాట అనగలుగుతుంది. టౌను నుంచి వచ్చి పోయేవాళ్ళు రేపు రమ్మంటారు. రేపు అంటే ఒక రోజు కూలి.

నా ప్రతిపాదన చిన్నది. మన పిల్లల చదువులు త్యాగం చేసి పల్లెలకు పొమ్మని నేను ఎవరికీ చెప్పను. నేనూ పాపను మూడో తరగతి దాకానే అక్కడ చదివించి, అనంతపురంలో వాళ్ళ అవ్వాతాతల దగ్గర చేర్చాను. అందరూ త్యాగం చేస్తే తప్ప నడవని ఏర్పాటు ఎన్నాళ్ళు నడుస్తుంది? దానికి బదులు, ఊళ్ళ గుంపు ఒక్కోదానికి నడిమధ్య ఊళ్ళో ఒక పది పన్నెండు ఇళ్ళు, నీళ్ళూ కరెంటూ నెట్టూ సరిగా ఉన్నవి కట్టాలి. బ్యాంకు, బడి, ఆస్పత్రి, సచివాలయం ఈ నాలుగు శాఖలవాళ్ళూ అక్కడ కలిసి ఉండాలి. ఒక్క బ్యాంకు కుటుంబం ఒంటరిగా పల్లెలో ఉండాలంటే భయపడుతుంది. పది కుటుంబాలుంటే ఒకరి పాపకు ఇంకొకరి పాప తోడు. వాళ్ళ పిల్లలు చదివే బడి కాబట్టి అక్కడి టీచరును వాళ్ళే అడుగుతారు. వాళ్ళు తాగే నీళ్ళు కాబట్టి ఫిల్టరు మారుతుంది. అందుకయ్యే ఖర్చు కొత్తగా ఎక్కడి నుంచో రానక్కరలేదు. ఈ శాఖలన్నీ ఇప్పటికే అద్దె భత్యాలు ఇస్తున్నాయి. అవన్నీ టౌనులోని ఇంటి యజమానులకు పోతున్నాయి, అంతే తేడా. మనం లీజు ఇళ్ళు తీసుకునే పద్ధతి ఉండనే ఉంది, దాన్ని మిగతా శాఖలతో కలిపి చేయడానికి ఎవరో ఒకరు మొదటి ఉత్తరం రాయాలి. పల్లెలో అందరికీ తెలిసిన ఆఫీసు మనదే, ఆ ఉత్తరం మనమే రాస్తే బాగుంటుంది.

సమయం మించిపోతోందని ముందు వరసలోంచి సైగ చేస్తున్నారు. ఈ ఏడాది రూరల్ ఆర్డర్లు అందుకున్న కుటుంబాలు నాలుగైదు ఈ సభలో ఉన్నాయని విన్నాను. టీ దగ్గర నన్ను కలవండి. ఏ ఊరో చెబితే అక్కడ నీళ్ళెలా ఉంటాయో, బడి ఎంత దూరమో, ఇల్లు ఎవరిని అడగాలో నాకు తెలిసినంతవరకూ చెబుతాను. రాయదుర్గం వైపైతే వేరుశనగలు ఎవరి దగ్గర కొనాలో కూడా చెబుతాను.